శ్లోకం నోటికి వస్తే చాలదు, చేతికి రావాలి

పోచంపల్లిలో ఒక పాత మాటకు దొరికిన కొత్త అర్థం

భూదాన్ పోచంపల్లి: మన పల్లెల్లో పురాణ కాలక్షేపానికి కొదువ లేదు. శ్రీరామనవమికి పందిళ్లు వేస్తారు. కార్తీకంలో భాగవతం చెప్పించుకుంటారు. చావు ఇంట భగవద్గీత వినిపిస్తారు. వామనుడు బలిచక్రవర్తిని మూడడుగుల నేల అడిగిన కథ చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. అయితే కథ విని లేచిన మనిషి ఇంటికి వెళ్లాక తన గెట్టు వైపు, తన గాదె వైపు, కూలీకి తాను కొలిచి ఇచ్చే కొలత వైపు ఒక్కసారి చూసుకుంటున్నాడా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న ఈనాటిది కాదు. 1951 ఏప్రిల్ 18వ తేదీన ఇదే ఊరిలో ఇది అందరి ఎదుటకూ వచ్చింది. ఆనాడు పోచంపల్లి నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఊరి పేరుకు ముందు భూదాన్ అనే మాట చేరడానికి ఆ రోజే కారణం. గీతనూ ఉపనిషత్తునూ ఏళ్ల తరబడి మననం చేసిన ఒక బక్కపలుచని మనిషి, భూమి లేని నలభై కుటుంబాల ముందు నిలబడి, తాను చదివిన చదువు వీరికి ఎందుకైనా పనికివస్తుందా అని తనను తాను ప్రశ్నించుకున్న రోజు అది. ఆయనే ఆచార్య వినోబా భావే.

పోచంపల్లి కథ తెలియని వారు ఈ జిల్లాలో తక్కువ. అయితే ఆ కథ ఏప్రిల్ 18న మొదలు కాలేదు. దాని వేళ్లు ఒక తల్లి వంటింట్లో ఉన్నాయి.

అమ్మ చెప్పిన అర్థం

వినోబా 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని కొలాబా జిల్లా గాగోదె గ్రామంలో పుట్టారు. ఆ జిల్లాను ఇప్పుడు రాయగఢ్ అంటున్నారు. తల్లి రుక్మిణీబాయి. ఆమెకు సంస్కృతం రాదు. కానీ పూజ చేయనిదే, తులసికి నీళ్లు పోయనిదే నోట ముద్ద పెట్టే అలవాటు లేదు.

ఒకసారి ఆమె దేవుడికి లక్ష బియ్యపు గింజలు సమర్పిస్తానని మొక్కుకున్నారు. రోజూ కూర్చుని ఒక్కొక్క గింజా లెక్కపెట్టేవారు. వినోబా తండ్రి లెక్కలు తెలిసిన మనిషి. ఆయన చూసి, ఇంత శ్రమ ఎందుకు, ఒక తులం బియ్యం తూచి అందులో గింజలెన్నో చూస్తే లక్షకు ఎన్ని తులాలో తేలిపోతుంది, తక్కువ పడకుండా పైన అర తులం వేసుకుంటే సరి అన్నారు. ఆ మాటకు ఆమెకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. సాయంత్రం కొడుకు ఇంటికి రాగానే అడిగారు. ఇది లెక్కల వ్యవహారం కాదనీ, ఒక్కొక్క గింజ తీసినప్పుడల్లా మనసు దేవుడి మీద నిలవడమే ఇందులో ఫలమనీ వినోబా చెప్పారు. తల్లి సంతోషించారు.

మరొక రోజు వాకిట్లోకి ఒక బిచ్చగాడు వచ్చాడు. ఒళ్లు గట్టిగా ఉన్న మనిషి. ఆమె భిక్ష వేశారు. కొడుకు ఊరుకోలేదు. ఇలాంటివాడికి పెడితే సోమరితనం పెంచినట్టే కదా అన్నారు. దేశం, కాలం, పాత్ర చూసి దానం చేయాలని గీత పదిహేడో అధ్యాయంలో ఉన్నదని కూడా గుర్తు చేశారు. వాకిట్లోకి వచ్చినవాడిని దేవుడనుకుని ఉన్నంతలో పెట్టడమే తన పని అనీ, యోగ్యుడా కాదా అని తేల్చడానికి తాము ఎంతటివారమనీ తల్లి చెప్పారు. ఆ మాటకు తగిన జవాబు తనకు దొరకలేదని వినోబా తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

ఈ రెండు సంఘటనల్లో ఒక తేడా గమనించదగినది. మొదటిసారి కొడుకు చదివిన చదువు తల్లి పనికి వెలుగు ఇచ్చింది. రెండోసారి అదే చదువు ఎదుటివాడిని తూచడానికి ఉపయోగపడబోయింది. తల్లి దాన్ని ఆపి, తన వైపు తిప్పుకున్నారు. శ్లోకం ఒకటే అయినా దాన్ని ఎవరి మీద ప్రయోగిస్తున్నామన్న దాంట్లోనే ఉంది అంతా.

సంస్కృత గీత తనకు అర్థం కావడం లేదు, మరాఠీలో కావాలని ఆమె కొడుకును అడిగేవారు. ఆమె 1918లో కన్నుమూశారు. పన్నెండేళ్ల తరువాత, 1930లో మొదలుపెట్టి 1931లో వినోబా గీతను మరాఠీ పద్యాల్లోకి తెచ్చారు. దానికి ఆయన పెట్టిన పేరు గీతాయి. మరాఠీలో ఆయి అంటే అమ్మ.

గోడ మీద చీటీలు

వినోబా గురువుగా భావించిన గాంధీజీ కూడా గీతను ఈ విధంగానే ఇంటి పనిలోకి తెచ్చుకున్నారు. 1903 ప్రాంతంలో ఆయన దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్‌లో వకీలుగా ఉండేవారు. చేతినిండా కేసులు. గీత చదవడానికి వేరే తీరిక దొరికేది కాదు. అందుకని శ్లోకాలు చీటీల మీద రాసి, ఉదయం పళ్లు తోముకునే చోట ఎదుటి గోడకు అతికించుకున్నారు. పళ్లు తోముకునే సమయంలో కొత్త శ్లోకాలు, స్నానం చేసే సమయంలో పాత శ్లోకాలు. ఆ విధంగా పదమూడు అధ్యాయాలు నోటికి వచ్చాయని ఆయన తన ఆత్మకథలో రాశారు.

నోటికి రావడంతో కథ అయిపోలేదు. గీతలోని అపరిగ్రహం, సమభావం అనే రెండు మాటలు ఆయనను పట్టుకుని వదలలేదు. అపరిగ్రహం అంటే అవసరానికి మించి కూడబెట్టుకోకపోవడం. అయితే ఇంట్లో భార్యాబిడ్డలు ఉన్నారు, పుస్తకాల బీరువాలు ఉన్నాయి. ఇవన్నీ వదిలేయమనా ఆ మాటకు అర్థం? ఆయన చాలా కాలం ఆలోచించారు. చివరకు వకీలుగా తాను చదివిన న్యాయశాస్త్రమే దారి చూపింది. మైనరు ఆస్తికి ధర్మకర్తగా ఉన్న మనిషి చేతిలో లక్షలున్నా ఒక్క పైసా తనది అనుకోడు. తన చేతిలో ఉన్నదానికంతటికీ తాను అలాంటి ధర్మకర్తనే అనుకోవాలని ఆయనకు తోచింది.

అలా తోచిన తరువాత ఆయన ఊరుకోలేదు. బొంబాయిలో ఉండగా తీసుకున్న పదివేల రూపాయల బీమా పాలసీకి ఇక డబ్బు కట్టడం మానేశారు. అది మంచి నిర్ణయమా కాదా అని ఇప్పుడు ఎవరైనా వాదించవచ్చు. ఇంటిల్లిపాదీ ఒక మనిషి సంపాదన మీద ఆధారపడిన రైతుకు బీమా అవసరమే. ఇక్కడ చూడవలసింది వేరే ఉంది. చదివిన మాట తన ఇంటి జమాఖర్చుల దగ్గరకు వచ్చి ఆగాలని ఆయన పట్టుపట్టారు. ఆ మాటను ముందుగా పక్కింటివాడికి చెప్పలేదు.

జైలులో ఆదివారాలు

1932లో సత్యాగ్రహ ఖైదీగా వినోబా మహారాష్ట్రలోని ధూలియా జైలులో ఉన్నారు. తోటి ఖైదీలు గీత చెప్పమని అడిగారు. ఫిబ్రవరి 21న మొదలై జూన్ 19 వరకు పద్దెనిమిది ఆదివారాలు, వారానికి ఒక అధ్యాయం చొప్పున చెప్పారు. అదే జైలులో ఉన్న సానే గురూజీ వాటిని రాసుకున్నారు. అవే గీతా ప్రవచనాలుగా అచ్చయ్యాయి. తెలుగులోకి కూడా వచ్చాయి.

ఆ ప్రసంగాల్లో పాండిత్యం కంటే పల్లె బతుకు ఎక్కువగా కనిపిస్తుంది. పైకి చేసే పని కర్మ. ఆ పనిలో మనసు కలిస్తే దాన్ని ఆయన వికర్మ అన్నారు. ఈ రెండూ కలిసినప్పుడు పని బరువు తెలియదు, అదే అకర్మ అన్నారు. శివలింగం మీద ధారగా నీళ్లు పోస్తూ మనసు మాత్రం ఎక్కడో పెట్టుకుంటే అక్కడ భక్తి లేదు, నీళ్ల చప్పుడే ఉంది. బిడ్డకు జబ్బు చేసినప్పుడు తల్లి రాత్రంతా మేల్కొని ఉంటుంది. దాన్ని ఎవరూ కూలి పని అనరు. చేసే పనిలో పెద్ద తేడా లేదు. తేడా అంతా మనసు కలవడంలోనే ఉంది.

కుండలు చేసిన గోరా, మంగలి పని చేసిన సేనా, తోట పని చేసిన సావతా - ఈ మహారాష్ట్ర భక్తులు తమ తమ పనిముట్ల దగ్గరే దేవుడిని చూశారు. ఎదుటివాడి తల మీద మురికి తీస్తూ తన మనసులో మురికి సంగతేమిటని సేనా ఆలోచించాడు. ఎవరి వృత్తిలో వారికి ఒక ఉపనిషత్తు ఉన్నదన్నమాట. పోచంపల్లి మగ్గాల దగ్గర కూర్చునే వారికి ఇది వేరే చెప్పనక్కర లేదు. రంగు అద్దకముందు నూలుకు కట్టే కట్టు ఒక్కటి తప్పినా బట్ట నేసిన తరువాత ఆ తప్పు బయటపడి తీరుతుంది. ఎవరూ చూడని చోట చేసిన పని అందరూ చూసే చోట కనిపిస్తుంది.

ఆ నలభై గడపలు

ఇక 1951 సంగతి. తెలంగాణ పల్లెలు ఆనాడు నిప్పుల మీద ఉన్నాయి. 1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య బలి అయిన తరువాత భూమి కోసం సాగిన సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. ఒకవైపు దొరల భయం, మరోవైపు పోలీసుల, సైన్యం భయం. రాత్రి ఒకరికి, పగలు ఒకరికి జవాబు చెప్పుకోవలసిన స్థితిలో రైతు కూలీ నలిగిపోయాడు.

హైదరాబాదు సమీపంలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వినోబా వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన వచ్చారు. సమ్మేళనం ముగిశాక రైలెక్కి వెళ్లిపోలేదు. ఏప్రిల్ 15, శ్రీరామనవమి నాడు హైదరాబాదు జైలులో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలుసుకుని మాట్లాడి, నడక సాగించారు. 18వ తేదీన పోచంపల్లి చేరారు.

ఊరిలో అప్పటికి సుమారు ఏడు వందల గడపలు. అందులో మూడింట రెండు వంతుల మందికి గజం భూమి లేదు. ఆనాడు హరిజనవాడ అని పిలిచే దళితవాడకు వినోబా వెళ్లారు. మీకేం కావాలని అడిగారు. భూమి కావాలని వారు చెప్పారు. ఎంత అంటే, నలభై కుటుంబాలకు 80 ఎకరాలు, సగం తరి, సగం ఖుష్కి ఇస్తే చాలునన్నారు. తమ కాయకష్టం తాము చేసుకుంటామన్నారు. అందరూ కలిసి సాగు చేసుకుంటామని కాగితం రాసి ఇమ్మంటే అందుకూ ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. అడగందే అమ్మయినా పెట్టదని సామెత. పోచంపల్లిలో మొదట నోరు తెరిచినవారు దాతలు కారు, మహాత్ములూ కారు. భూమి లేని కూలీలు. వారు అడగకపోతే వినోబా చదివిన ఉపనిషత్తు పుస్తకంలోనే ఉండిపోయేది. భూదానోద్యమ చరిత్రలో వినోబా పేరూ దాత పేరూ నిలిచాయి. ఆ నలభై కుటుంబాల పేర్లు జనం నోట అంతగా లేవు. చరిత్ర వారికి పడిన బాకీ అది.

ప్రభుత్వానికి రాసి చూద్దామని వినోబా మొదట అనుకున్నారు. తరువాత, అక్కడే కూడిన ఊరివారి వైపు తిరిగి, సర్కారు భూమి రావడానికి ఎంత కాలం పడుతుందో తెలియదు, మీలో ఎవరైనా ఏమైనా చేయగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడ్డారు. తమ భూమిలో కొంత పేదలకు ఇవ్వాలని తన తండ్రికి కోరిక ఉండేదని చెప్పి, వంద ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది 80, వచ్చింది 100.

నిద్ర పట్టని రాత్రి

జనం ఆ సాయంత్రం సంతోషంగా ఇళ్లకు వెళ్లారు. వినోబాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆయనకు రెండింటి మీద నమ్మకం. ఒకటి దేవుడు, రెండోది గణితం. ఆ రాత్రి రెండూ ఆయన ముందుకు వచ్చాయి. దేశంలో భూమి లేని వారందరికీ పంచాలంటే ఐదు కోట్ల ఎకరాలు కావాలి. అంత భూమి అడిగితే వస్తుందా? చరిత్రలో ఎక్కడైనా జరిగిందా? అడగడానికి తనకు భయమా? భయపడి వెనక్కి తగ్గితే, అహింస మీద, దేవుడి మీద తనకు ఉన్న నమ్మకం మాట ఏమిటి? బిడ్డ కడుపులో ఆకలి పెట్టినవాడే తల్లి రొమ్ములో పాలు పెట్టాడన్న ఆలోచన చివరకు ఆయనకు ధైర్యం ఇచ్చింది. మరునాటి నుంచి ఊరూరా భూమి అడగడం మొదలుపెట్టారు.

గీత చదివినవారు దేశంలో కోకొల్లలు. కానీ ఆ రాత్రి వినోబా వేసుకున్న ప్రశ్నలు గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. దొర ఎందుకు ఇవ్వడు అన్న ప్రశ్న దగ్గర ఆయన ఆగలేదు. నేనెందుకు అడగలేకపోతున్నాను అన్న ప్రశ్న దగ్గరకు వచ్చారు. తల్లి బియ్యపు గింజల దగ్గర, గురువు బీమా పాలసీ దగ్గర చేసిన పనే ఇది. శాస్త్రం చెప్పిన మాటను తన వైపు తిప్పుకోవడం.

ఈ ఆలోచనకు ఆధారంగా నిలిచిన గ్రంథ వాక్యాలు ముఖ్యంగా రెండు. ఒకటి ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం. లోకమంతా ఈశ్వరుడిదేననీ, అనుభవించేది విడిచిపెట్టి అనుభవించమనీ, ఎవరి సొత్తుకూ ఆశపడవద్దనీ దాని తాత్పర్యం. మిగిలిన గ్రంథాలన్నీ పోయినా ఈ ఒక్క మంత్రం ఉంటే చాలునని గాంధీజీ 1937 జనవరిలో తిరువాన్కూరు పర్యటనలో చెప్పారు. రెండోది దానం అనే మాట. గీత పదహారో అధ్యాయానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు ఈ మాటకు శక్తికొలది పంచుకోవడమని అర్థం చెప్పారు. వినోబా దాన్నే పట్టుకున్నారు. దానమంటే జాలితో విసిరే బిచ్చం కాదు, వాటా. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద అన్నది అందులో లేదు.

ఆరో కొడుకు లెక్క

పల్లెవాడికి భాష్యం చెబితే ఎక్కదు. వాటా అంటే వెంటనే ఎక్కుతుంది. అందుకే వినోబా ఇంటి లెక్కలోనే అడిగారు. మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా అనుకోండి, నా వాటా పేదలకు ఇవ్వండి అన్నారు. పోతన భాగవతం చదివిన నేలలో వామనుడి కథ కూడా గుర్తు చేసేవారు. తెలంగాణలో 51 రోజులు నడిచేసరికి 12 వేల ఎకరాలకు పైగా భూమి దానంగా వచ్చింది. ఆ నడక దేశమంతా తిరిగి 1964 దాకా సాగింది. మొత్తం సుమారు 42 లక్షల ఎకరాల దానపత్రాలు వచ్చాయి.

ఆరో కొడుకు లెక్క ఈనాటికీ ప్రతి ఇంట్లో పనికివచ్చేదే. భాగాలు పంచుకునేటప్పుడు కొడుకులను లెక్కపెట్టినంత తేలికగా ఆడబిడ్డను లెక్కపెట్టే ఇళ్లు ఎన్ని? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ చట్టం, దేశమంతటా 2005 నాటి సవరణ చట్టం ఆడబిడ్డకు కొడుకుతో సమాన వాటా ఇచ్చాయి. చట్టం వచ్చినా పసుపు కుంకుమ ఇచ్చాం కదా అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ధర్మశాస్త్రం చెప్పించుకునే ఇంట్లో ఈ ఒక్క లెక్క సరిచూసుకుంటే ఆ కాలక్షేపానికి ఫలం దక్కినట్టే.

కాగితం మీద దానం, నేల మీద దానం

భూదానం గురించి ఒక్క మంచి మాత్రమే చెబితే నిజం సగమే చెప్పినట్టవుతుంది. ఐదు కోట్ల ఎకరాల గురికీ, వచ్చిన దానికీ చాలా దూరం ఉంది. వచ్చిన భూమిలో కూడా లక్షలాది ఎకరాలు పంపకం కాకుండా మిగిలాయి. కొందరు దాతలు రాళ్ల గుట్టలు ఇచ్చారు. కొందరు కోర్టు తగాదాలో ఉన్న భూమి ఇచ్చారు. కొందరు తమది కానిదాన్నే రాసిచ్చారు. కొందరు కాగితం మీద సంతకం పెట్టి, నేల మీద నాగలి తామే నడిపించారు. భూమి అందుకున్నా ఎడ్లు లేక, విత్తనం లేక, బావి లేక సాగు చేయలేకపోయిన కుటుంబాలు ఉన్నాయి. భూ పోరాటాన్ని చల్లార్చడానికే ఇది పనికివచ్చిందని కమ్యూనిస్టులు విమర్శించారు. ఇటువంటి భూముల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేశారు. అయినా భూముల ధరలు పెరిగాక భూదాన భూముల మీద ఆక్రమణలు, తగాదాలు తప్పలేదు.

ఈ లోపాల వల్ల ఉపనిషత్తు మాట అబద్ధం కాలేదు. అది ఎక్కడ ఆగిపోయిందో మాత్రం తెలిసింది. మనస్ఫూర్తిగా తన వైపు తిప్పుకున్న చోట అది తరి భూమి అయింది. నలుగురిలో పేరు కోసం పలికిన చోట రాళ్ల గుట్ట అయింది. దాత ఇచ్చిన నేలను చూస్తే దాత మనసు తెలుస్తుంది. దానపత్రం మీద సంతకం మొదటి అడుగు మాత్రమే. పట్టా చేతికి రావాలి, గెట్టు రాళ్లు పాతాలి, నీళ్లు పారాలి, పుచ్చుకున్నవాడు భయం లేకుండా దున్నుకోవాలి. అప్పుడే దానం పూర్తి అవుతుంది.

తరాజు మాట

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే ముని ఉన్నాడు. కదలకుండా తపస్సు చేస్తే పక్షులు ఆయన జటలో గూడు కట్టుకున్నాయి. అవి పిల్లలు పెట్టి ఎగిరిపోయే దాకా ఆయన కదలలేదు. తన అంతటివాడు లేడని గర్వపడ్డాడు. కాశీలో తులాధారుడనే వర్తకుడు నీకంటే గొప్పవాడని ఆయనకు వినిపించింది. వెళ్లి చూస్తే ఆ మనిషి అంగట్లో కూర్చుని సరుకులు తూచుతున్నాడు. ఆయన చేసిన తపస్సల్లా ఒకటే. తన తరాజు అందరికీ సమంగా తూగుతుంది.

ఈ కథ విన్న దుకాణదారు తన రాయి సరిచూసుకోవాలి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది, అంకెలు మెరుస్తాయి. కాటా మారినా చెయ్యి మారిందా అన్నది మిగిలే ఉంది. పత్తి కొనేవాడు, పాలు పోయించుకునేవాడు, ధాన్యానికి తరుగు తీసేవాడు ఎవరికి వారు ఈ కథను తమ కాటా పక్కన పెట్టుకోవచ్చు.

రైతుకూ ఇదే వర్తిస్తుంది. చెరువు కింద నీళ్లు తక్కువైన ఏడు, తూము దగ్గరి మడి నిండిన తరువాత చివరి మడికి నీళ్లు వదలడం కూడా ఈశావాస్యమే. పక్కవాడి గెట్టును ఏటా నాలుగు వేళ్లు దున్నుకుంటూ పోయి, ఏకాదశి ఉపవాసం ఉంటే ఆకలి తప్ప ఏమీ మిగలదు. నాట్లు వేసిన కూలీలకు పంట చేతికొచ్చాక చూద్దామనకుండా, చేసిన నాడే కూలి ఇవ్వడం యజ్ఞానికి తక్కువ కాదు.

ఏ గ్రంథమైనా ఒకటే పరీక్ష

ఇది ఒక్క మతానికి సంబంధించిన సంగతి కాదు. వినోబా అరబ్బీ నేర్చుకుని ఖురాన్ చదివారు, అందులోంచి ఏరి కూర్చిన గ్రంథాన్ని 1962లో వెలువరించారు. బైబిల్‌నూ, సిక్కుల జపుజీనీ అదే శ్రద్ధతో చదివారు. ఖురాన్ చెప్పే జకాత్‌లో సంపాదనలో పేదవాడి వాటా ఉంది. బైబిల్‌లోని లేవీయకాండం, పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయవద్దనీ, రాలిన వెన్నులు ఏరుకోవద్దనీ, అవి పేదలకూ పరదేశులకూ విడవాలనీ రైతుకు చెబుతుంది. పరిగె ఏరుకోవడం మన ఊళ్లలో పెద్దలకు తెలిసినదే. కోత మిషన్లు వచ్చాక పరిగె తగ్గిపోయింది. పరిగె పోయినా పేదవాడి వాటా పోయినట్టు కాదు. అది ఏ రూపంలో ఇవ్వాలో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఒక మాట, ఒక వారం

గ్రంథమంతా ఒక్క రోజులో ఆచరించడం ఎవరి వల్లా కాదు. గాంధీజీని కదిలించినవి రెండు మాటలు. వినోబా జైలులో వారానికి ఒక అధ్యాయం చెప్పారు. ఆయన తల్లి రోజుకు కొన్ని గింజలు లెక్కపెట్టారు. వీరి పద్ధతి చూస్తే పెద్ద రహస్యం ఏమీ లేదు. ఒక మాట తీసుకోవాలి. దాన్ని కళ్లెదుట కనిపించే చోట పెట్టుకోవాలి. రాత్రి పడుకునే ముందు ఆనాటి పనిని ఆ మాట పక్కన పెట్టి చూసుకోవాలి. తక్కువ పడితే మరునాడు ఒక్క పని సరిచేయాలి. ఎదుటివాడి లెక్క చూడకూడదు. ఎందుకంటే ఎదుటివాడి తప్పులు లెక్కపెట్టడానికి శ్లోకం అక్కర లేదు, అది అందరికీ పుట్టుకతోనే వచ్చిన విద్య.

వినోబా 1982 నవంబరు 15న పౌనార్ ఆశ్రమంలో తనువు చాలించారు. 1983లో ప్రభుత్వం ఆయనకు భారతరత్న ప్రకటించింది. పోచంపల్లిలో ఆయన బస చేసిన చోటు వినోబా మందిరంగా నిలిచి ఉంది. పట్టు చీరలు కొనడానికి వచ్చేవారు అక్కడికీ వెళ్లి చూసి వస్తుంటారు. మందిరం చూడటం మంచిదే. అయితే భూమి ఉన్న ప్రతి రైతు, తరాజు ఉన్న ప్రతి దుకాణదారు, భాగాలు పంచవలసిన ప్రతి తండ్రి తన లెక్కలో ఆరో వాటా ఎవరిదో ఒక్కసారి తేల్చుకుంటే, ఆ ఊరి పేరు ముందున్న మాటకు ఇంకా అర్థం ఉన్నట్టే.